చేపల పేర్లు

హౌటాలా గారి ఈల ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది.
ఇరవై రెండేళ్లు ఊది ఊది
ఇత్తడి మూతి దగ్గర తెల్లబడింది.
గుండెలో రెండు స్టెంట్లు వేశాక డాక్టరు
"ఇక కేకలు వద్దు" అన్నాడట.
కేకలు లేని హౌటాలాని
సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు.

ఆయన ఎత్తులన్నిటికీ చేపల పేర్లు.
"ట్రౌట్!" అంటే కైసా ఎడమకి కోసుకుపోవాలి.
"పెర్చ్!" అంటే నలుగురూ ముడుచుకుని ఒక్కసారిగా విడిపోవాలి.
"స్టర్జన్" అంటే ఏమీ చెయ్యకూడదు,
గడియారం కరిగేదాకా బంతితో అడుగున పడి ఉండాలి.
చెవిన పడితే చాలు, కాళ్లు వాటంతటవే కదిలేవి.
మెదడుకి కబురు తర్వాత అందేది.

అక్టోబరులో తొలి మంచుతో పాటు ఆమె వచ్చింది.
మార్వెలా టిబ్స్. మిసిసిపీ డెల్టా మనిషి.
రెండు స్వెటర్లు, ఒక కోటు, దాని మీద ఇంకో కోటు.
ఈల ముట్టుకోలేదు.
పక్కింటావిడకి చెప్పినట్టు చెప్పేది ఏదైనా.
జిమ్ అవతలి కొసకి పెదాలు కదలడమే కనిపించేది.
"వినపడలేదు కోచ్!" అని జోసెట్ అరిస్తే
"అయితే దగ్గరికి రండి" అనేది.
అదీ వినపడేది కాదు.

ఆమె ఎత్తులకి అంకెలు.
పదకొండు. నలభై. నలభై వంకర.
నేను ఏడో మనిషిని, బెంచీ చివర నీళ్ల సీసాల పక్క.
అక్కణ్నుంచి అన్నీ బాగా కనిపిస్తాయి:
"నలభై" అనగానే అయిదుగురూ
పరీక్షలో పక్కవాళ్ల కాగితం చూసినట్టు
ఒకరినొకరు చూసుకోవడం.

వరసగా నాలుగు ఆటలు పోయాయి.
నాలుగోదాని ఆఖరి నిమిషంలో
కైసా నోరు జారి "పెర్చ్!" అంది.
ముడుచుకున్నారు, విడిపోయారు,
మిన్నా వేసిన బంతి అంచు తాకకుండా వలలోంచి జారింది.
చప్పట్లకి లేచిన నా చేతులు మధ్యలో ఆగాయి.
కట్టుకున్నవాడి ముందు పాత ప్రియుడి పేరు పలికినట్టు
ఎవరూ కోచ్ వంక చూడలేకపోయారు.

లాకర్ గదిలో ఆమె తిట్టలేదు.
తడి నేల మీదే మా మధ్య చతికిలబడి
"పెర్చ్ ఎంతుంటుంది?" అని అడిగింది.
మిన్నా అరచెయ్యి చాపి మణికట్టు దాకా చూపించింది.
"చారలుంటాయి. ముల్లు గుచ్చుకుంటుంది.
గుంపుగా తిరుగుతాయి, బెదిరితే చెదిరిపోతాయి."
"మళ్లీ కలుస్తాయా?"

ఎవరికీ తెలీదు.
ఇన్నేళ్లూ దాన్ని వేయించుకు తిన్నాం, దాని పేరు అరిచాం.

డిసెంబరులో అఖాతం గడ్డకట్టింది.
మిన్నా వాళ్ల నాన్న మంచులో బెజ్జం తొలిచి
ఆమె చేతికి గాలం ఇచ్చాడు.
రెండు గంటలు. ఒక్కటీ పడలేదు.
కాళ్ల కింద ఎక్కడో దూరంగా మంచు మూలిగింది.
ఆమె మొహం పాలిపోయింది.
"మూలగాలి. మూలగనప్పుడే భయపడాలి" అన్నాడాయన.

మర్నాడు బోర్డు మీద కొత్త ఎత్తు గీసి
అంకెకి బదులు "క్యాట్‌ఫిష్" అని రాసింది.
వాళ్ల ఏటి బురదలో దానికి కళ్లతో పనుండదట.
మీసాలతో తడుముకుంటూ పోతుందట.
"కాబట్టి ఇందులో ఎవరూ అరవరు.
వీపుకి వీపు తగిలితే తెలుసుకోవాలి."
కైసా కళ్లు పైకి తిప్పింది.
జోసెట్ ఆ వారం మూడుసార్లు గోడకి గుద్దుకుంది.

అయిదో ఆటకి హౌటాలా వచ్చాడు.
పై మెట్టు మీద, చేతితొడుగు పళ్ల మధ్య బిగించి,
మోకాలి మీద భార్య చెయ్యి.
అయిదో ఫౌల్‌తో మిన్నా బయటికొచ్చింది.
జనం గోలలో కోచ్ ఏదో అంది.
నేను అప్పటికే లేచి నిలబడి ఉన్నాను.

జోసెట్ వీపు నా వీపుకి తగిలింది.
తిరిగాను. బంతి అక్కడే ఉంది, నాకోసమే ఉన్నట్టు.
వేశాను.
రింగు మీద రెండు చుట్లు తిరిగి బయటికి దొర్లింది.

నాలుగు పాయింట్లతో పోయింది ఆట.
తలుపు దగ్గర హౌటాలా నా భుజం పట్టుకు ఆపాడు.
అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి,
"అదేం చేప?" అని అడిగాడు.